ఎఫెక్ట్ అని రాసిన శబ్దం

1998 జూలైలో "ఆరో ఛానెల్" అనే తెలుగు చిత్రానికి డబ్బింగ్ చేసే పని మా థియేటర్‌కు వచ్చింది. కోడంబాకంలోని ఆ థియేటర్‌లో నేను అప్పటికి ఏడేళ్లుగా చీఫ్ రికార్డిస్టును. థియేటర్ అన్నానని ప్రేక్షకులు వచ్చే చోటు అనుకోవద్దు. ఒక చీకటి హాలు, ఎదురుగా చిన్న తెర, తెరకు ఇవతల ఒక మైకు, సంభాషణల కాగితాలు పెట్టుకోవడానికి స్టాండు, దాని మీద పడేలా ఒక చిన్న దీపం. హాలు వెనక అద్దం గోడ, ఆ అద్దానికి ఇవతల నా గది. షూటింగ్‌లో నటులు పలికిన మాటల్లో రోడ్డు మీది హారన్లూ కెమెరా చప్పుడూ కలిసిపోతాయి. అందుకని అవే మాటలను తెర మీద పెదవులు చూస్తూ మళ్లీ పలికించి రికార్డు చేస్తాం. నటికి తెలుగు రాకపోతే ఆమె బదులు మరొకరు పలుకుతారు. వారిని డబ్బింగ్ ఆర్టిస్టు అంటాం.

తెలుగు సినిమా పని చాలావరకు అప్పటికే హైదరాబాదుకు తరలిపోయింది. ఒకప్పుడు మా బోర్డు మీద వారంలో ఐదు రోజులు తెలుగు చిత్రాల పేర్లే ఉండేవి. ఆ ఏడాదికి నెలకొకటి వస్తే గొప్ప. నేను మద్రాసులోని చూలై పేటలో పుట్టిపెరిగినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా తెలుగు వింటే ఆంధ్ర నుంచి వచ్చే దర్శకులు కొంచెం నవ్వేవారు. అయినా పనిలో తెలుగు వినబడుతుందంటే నాకు ఉత్సాహంగానే ఉండేది.

దర్శకుడు ప్రభాకర్ భీమవరం వైపువాడు. ముప్పై దాటి ఉండవు. అది అతని మొదటి సినిమా. పద్ధతి ప్రకారం పని మొదలుపెట్టేముందు రికార్డిస్టుకు సినిమా మొత్తం ఒకసారి వేసి చూపిస్తారు. ఏ రీలులో గుసగుసలున్నాయో, ఎక్కడ గుంపు అరుపులున్నాయో ముందే తెలియాలి కదా. పద్నాలుగు రీళ్లూ మేమిద్దరమే కూర్చుని చూశాం. పైన క్యాబిన్‌లో మా ప్రొజెక్షన్ ఆపరేటర్ మునుస్వామి.

కథ ఇది. వసుమతి అనే టైపిస్టు ఒక కాలనీలో మేడమీది వాటాలో ఒంటరిగా ఉంటుంది. ఆ కాలనీకి కేబుల్ కనెక్షన్లు ఇచ్చే ఆపరేటర్ ఆమె గది వెంటిలేటర్‌లో కెమెరా దాచి, ఆమె రోజువారీ జీవితాన్ని ఆరో నంబరు ఛానెల్‌లో ఇంటింటికీ ప్రసారం చేస్తుంటాడు. వీధి వీధంతా చూస్తుంది. ఆమెకు ఒక్కదానికే తెలియదు. స్తంభం దూరమంటూ ఏదో వంక చెప్పి ఆమె ఇంటికి మాత్రం అతను కేబుల్ ఇవ్వడు.

మొదటి ఆరు రీళ్లలో కెమెరా గాని, ఆపరేటర్ గాని కనిపించరు. అది ఆ సినిమాలో నాకు బాగా నచ్చిన సంగతి. మనకు కనిపించేవి చిన్న చిన్న వింతలు. వసుమతి ఆఫీసు నుంచి తిరిగి రాగానే వీధి ఖాళీ అయిపోతుంది. ఆడుకునే పిల్లల్ని తల్లులు లోపలికి పిలుస్తారు. కూరగాయలమ్మే అతను ఆమె అడక్కముందే కాకరకాయలు తూస్తాడు. ముఖపరిచయం కూడా లేని ఒకావిడ రోడ్డు మీద ఆపి, జలుబు తగ్గిందా అని అడుగుతుంది. నాలుగో రీలులో వసుమతి వంటింటి కుళాయి సరిగ్గా కట్టేయకుండా బయటికి వెళ్తుంది. వీధిలో నడుస్తుంటే ఒక ఇంట్లోంచి నీటి చుక్కలు పడే చప్పుడు, పక్కింట్లోంచి అదే చప్పుడు, ఆ పై ఇంట్లోంచీ అదే. ఆమె ఇంట్లో లేకపోయినా ఖాళీ గదిని చూస్తూ కూర్చున్నవాళ్లున్నారన్నమాట. అది చూసినప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగాను. శబ్దంతో కథ చెప్పే దర్శకుడు నాకు అరుదుగా దొరికాడు.

సినిమా అయ్యాక అభిప్రాయం చెప్పమన్నాడు. కుళాయి సంగతి మెచ్చుకుని, వెంటనే మైకు ఎక్కడుందని అడిగాను. వెంటిలేటర్‌లో కెమెరా సరే. అంత దూరం నుంచి వంటింటి కుళాయి చుక్కలు పట్టే మైకు ఎక్కడ? ఆమె గొణుక్కునేవి కూడా కాలనీకి వినబడుతున్నాయి. గోడకు పెట్టిన మైకులో గొణుగుడు పడదు. ప్రభాకర్ నవ్వి, ప్రేక్షకులు అంత ఆలోచించరండీ అన్నాడు. ఆలోచించరు గాని అనుమానపడతారని నేనన్నాను. రెండో లోపం ఆపరేటర్ పాత్ర. ఏడో రీలులో అతను కనిపించీ కనిపించగానే అంత దుర్మార్గుడైపోతాడు గనక, చూసిన నూరిళ్లవాళ్లూ తప్పు అతని మీదికి తోసేసి తప్పించుకుంటారు. మూడోది చివరి రెండు రీళ్లు. నిజం తెలుసుకున్న వసుమతి కాలనీ అందరినీ పోగేసి, ఎందుకు చేశారు, ఎలా చేయగలిగారు అంటూ ఏడు నిమిషాలు మాట్లాడుతుంది. అందరూ తల దించుకుంటారు. నేను మాత్రం గడియారం చూసుకున్నాను. ఈ మాట అతనితో కాస్త మెత్తగా చెప్పాను. అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు గాని, మార్చే ఉద్దేశం ఉన్నట్టు కనిపించలేదు.

వసుమతి వేషం వేసిన అమ్మాయి కన్నడ అమ్మాయి. ఆమెకు తెలుగు రాదు. గొంతు ఇవ్వడానికి రుక్మిణిని పిలిపించారు.

రుక్మిణిది మద్రాసులోనే వ్యాసర్పాడి. భర్త రైల్వే యార్డులో ఉద్యోగి. వాళ్ల తాతలెప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. మాట్లాడితే సగం తెలుగు, సగం తమిళం. కాని మైకు ముందు నిలబడితే ఏ జిల్లా యాస కావాలంటే ఆ జిల్లా పిల్ల అయిపోయేది. ఇరవై ఏళ్లుగా ఎంతోమంది కథానాయికలకు గొంతు ఇచ్చింది. వయసు నలభై ఆరు. తెర మీద ఇరవై ఏళ్ల పిల్ల నవ్వితే ఆ నవ్వు ఈమెదే. నన్ను అన్నా అని పిలిచేది. పదిహేనేళ్ల పరిచయంలో ఆమె పనికి ఆలస్యంగా వచ్చింది లేదు, ఒక మాటకు మూడోసారి టేక్ అడిగింది లేదు.

ఎనిమిది రీళ్లు ఐదు రోజుల్లో ముగించాం. చిక్కంతా తొమ్మిదో రీలులో వచ్చింది. వసుమతి పాత టీవీ చెడిపోతే వేరే పేట నుంచి వచ్చిన మెకానిక్ బాగుచేస్తాడు. పరీక్షించడానికి కిటికీ పక్కగా పోతున్న కేబుల్ తీగ తగిలించి చూసి, పని చేస్తోందమ్మా అని, తీగ తీయకుండానే వెళ్లిపోతాడు. ఆమె ఛానెళ్లు తిప్పుతుంటే ఆరో నంబరులో ఒక ఆడమనిషి వీపు. ఈమె చేయెత్తితే అదీ చేయెత్తుతుంది. ఈమె తిరిగి వెంటిలేటర్ వైపు చూడదు. అలాగే తన వీపును తాను చూస్తూ నిలబడుతుంది. కెమెరా ఆమె వెనకే ఉంటుంది. స్క్రిప్టులో ఆ చోట ఒకటే ముక్క: "వసుమతి నోటి నుంచి ఒక శబ్దం."

ఏం శబ్దం? రుక్మిణి ఉదయమంతా ప్రయత్నించింది. కేక వేసింది. ఏడ్చింది. నోరు మూసుకుని మూలిగింది. ఊరికే ఊపిరి వదిలింది. ప్రతిసారీ ప్రభాకర్ నా పక్కనుండి తల అడ్డంగా ఊపేవాడు. పదకొండు టేకులయ్యాయి. మధ్యలో రెండుసార్లు ఆమె గొంతు జీరబోయింది. అలసట అనుకున్నాను. భోజనానికి ఆపుదామన్నాను.

ఇక్కడ మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. ఎవరూ లేని హాలుకు కూడా ఒక శబ్దం ఉంటుంది. గోడల వెనక ఏసీ, ఎక్కడో దూరంగా బస్సు, గాలి. మాటకూ మాటకూ మధ్య ఖాళీలో ఈ శబ్దం పరచకపోతే వినేవారి చెవికి సినిమా అక్కడక్కడ చచ్చిపోయినట్టుంటుంది. దాన్ని రూమ్ టోన్ అంటాం. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు మైకు తెరిచి, స్పూల్ టేపు తిప్పి వదిలేసి నేనూ భోజనానికి పోవడం అలవాటు. ఆ రోజు కూడా అలాగే చేశాను. హాలులోకి తొంగిచూశాను, ఎవరూ లేరు. తలుపు వేసి వెళ్లాను.

అరగంటకు తిరిగొచ్చి, టోన్ ఎలా పడిందో చూద్దామని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మొదట కాసేపు అనుకున్నట్టే ఖాళీ హాలు. తర్వాత తలుపు తీసిన చప్పుడు, చెప్పుల చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు, ఏదో కాగితం మడత విప్పిన చప్పుడు. నేను వెళ్లాక రుక్మిణి మళ్లీ వచ్చినట్టుంది. కాసేపటికి ఆమె కింది స్థాయి నుంచి "ఆ" అంటూ మెట్టు మెట్టుగా పైకి వెళ్లడం వినిపించింది. ఒక మెట్టు దగ్గర గొంతు రెండుగా చీలి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అదే చోట చీలింది. మూడోసారి ఆ మెట్టు దాకా కూడా రాలేదు. ఆ తర్వాత ఒక శబ్దం వచ్చింది. దాన్ని ఏడుపు అనలేను. లోపలికి పీల్చిన ఊపిరి సగంలో తెగిపోయి, తెగిన చోటు నుంచి సన్నగా, ఎవరిదో అన్నట్టు బయటికి వచ్చింది. అంతే. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "పోయినట్టే ఉండాదే," అంది. కుర్చీ చప్పుడు, చెప్పుల చప్పుడు, తలుపు.

ఎవరిదో సొంత విషయం విన్నానని తెలిసిన వెంటనే నేను టేపు ఆపి ఉండాల్సింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. గొంతు ఏ స్థాయి దగ్గర చీలుతోందో గమనించాను. ముప్పై ఏళ్ల వృత్తిలో అలాంటి శబ్దం నేను వినలేదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో తెలుసుకోవాలనిపించింది. మూడోసారి వింటుండగా ప్రభాకర్ గదిలోకి వచ్చాడు. నా మొహం చూసి ఏమిటని అడిగాడు. ఏమీ లేదనకుండా హెడ్‌ఫోన్ తీసి అతనికిచ్చాను.

విన్నాక అతను హెడ్‌ఫోన్ నా బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఇదేనండీ. నాకు కావలసింది ఇదే," అన్నాడు.

ఆమెను అడగాలి కదా అన్నాను.

"అడిగితే పాడైపోతుందండీ. ఇంకోసారి చెయ్యమంటే చెయ్యలేదు. తెలిస్తే నటిస్తుంది."

ఆ ఆఖరి మాట ఏడో రీలులో కేబుల్ ఆపరేటర్ తన స్నేహితుడితో అనే మాట. అక్షరం తేడా లేదు. రాసినవాడు ప్రభాకరే. ఆ నిమిషాన అతనికి గుర్తు లేదు. నాకు గుర్తొచ్చింది. అయినా నేను నోరు విప్పలేదు.

మా దగ్గర రికార్డయిన ప్రతి ముక్కా సౌండ్ షీట్ అనే కాగితంలో ఎక్కాలి. రీలు నంబరు, టేకు నంబరు, ఎవరి గొంతు, పనికొచ్చిందా లేదా. గొంతులకు ఒక పట్టీ, తలుపు చప్పుడూ వానా అడుగులూ లాంటి వాటికి ఎఫెక్ట్ అనే ఇంకో పట్టీ. గొంతు పట్టీ కింద సాయంత్రం ఆర్టిస్టు చూసి సంతకం పెట్టాలి. ఎఫెక్టులకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. ప్రభాకర్ దీన్ని ఎఫెక్ట్ కింద రాయమన్నాడు. రాశాను. "రీలు తొమ్మిది, ఎఫెక్ట్, ఊపిరి." థియేటర్‌లో రికార్డయిన సరుకు నిర్మాతది, దర్శకుడి మాటే ఆఖరు, రికార్డిస్టు కాదనడానికి లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అవి నిబంధనలే, అబద్ధాలు కావు. కాని ఆ శబ్దాన్ని ఆ వీపు మీద వినాలని నాకూ ఉంది. అసలు కారణం అది. రుక్మిణి భోజనం చేసి వచ్చి ఆ సీను గురించి అడిగితే, టేకుల్లో ఒకటి బాగుంది, సర్దుకుంటామని చెప్పాం. సరి అని పదో రీలుకు కాగితాలు తిప్పుకుంది.

తర్వాతి వారం మొదట్లో ఒక మధ్యాహ్నం ట్రయల్ మిక్స్ వేశాం. మాటలూ సంగీతమూ చప్పుళ్లూ తాత్కాలికంగా కలిపి, యూనిట్‌లో ముఖ్యులైనవారికి చూపించడం. పదిమందికి పైనే కూర్చున్నారు. తొమ్మిదో రీలు వచ్చింది. వసుమతి తన వీపును చూసుకుంది. ఆ శబ్దం వచ్చింది. నా పక్కనున్న ఎడిటర్ చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి అక్కడే ఆగింది. అయిపోయాక ఒకాయన నా దగ్గరికొచ్చి ఆ శబ్దం ఏ మిషన్‌తో చేశారని అడిగాడు. ప్రభాకర్ నా వైపు చూశాడు. పాత చప్పుళ్లు దాచే లైబ్రరీలోది అన్నాను.

రెండు రోజుల తర్వాత రుక్మిణి మిగిలిపోయిన చిన్న చిన్న సవరణలకు వచ్చింది. వాటిని మేము ప్యాచులు అంటాం. పది గంటలకు పని. తొమ్మిదింటికే వచ్చి నా గదిలో కూర్చుంది. హాలులో మునుస్వామి తెర తుడుస్తున్నాడు. తలుపు వెయ్యమంది.

"అన్నా, మీకు ఒక సంగతి చెప్పాల. గొంతులో వాపు ఉండాదని డాక్టరు చెప్పినాడు. ఆరు నెలలు మాట్లాడకుండా ఉండమంటా ఉండాడు. పోయిన వారం ఈడ ఉన్నప్పుడే ఆ రిపోర్టు వచ్చింది. ఈ పడం పూర్తయితే నేను ఆపేస్తా. ఎవురితోనూ అనొద్దన్నా. గొంతు పోయిందని ఒకసారి పేరు పడితే మళ్లీ ఎవురు పిలస్తారు?"

పడం అంటే సినిమా. తమిళ మాట మా ఇళ్లలో తెలుగైపోయింది.

నేను ఆశ్చర్యపోవాలి. మనుషులు అలాంటి వార్త వింటే ఏం చేస్తారో అది చెయ్యాలి. చెయ్యలేకపోయాను. "అయ్యో" అన్నాను గాని అది ఆలస్యంగా, తప్పు స్థాయిలో వచ్చింది. గొంతులతో బతికిన మనిషి ఆమె. నా ముఖంలోకి కాసేపు చూసి, "మీకు ముందే తెలుసునా అన్నా?" అంది.

చెప్పాను. టోన్ కోసం టేపు వదలడం, ఆమె ఉన్నట్టు తెలియకపోవడం, తర్వాత తెలిసీ వినడం, ప్రభాకర్ వినడం, ట్రయల్ మిక్స్. ఒక్కటీ దాచలేదు. ఆమె హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాచింది. టేపు పెట్టాను. తల వంచుకుని, మైకు ముందు కొత్త డైలాగు వినేటప్పుడు వింటుందే, అలాగే విన్నది. ఇంకోసారి వెయ్యమంది. వేశాను.

"నేను ఇట్ల చేస్తానని నాకే తెలీదు," అంది. తర్వాత, "ఎవురెవురు విన్నారు?"

నేను, ప్రభాకర్, ట్రయల్‌కు వచ్చినవాళ్లు అని పేర్లు చెప్పుకుంటూ పోయాను. ఆమె ఒక్కొక్క పేరుకూ ఆగి ఆలోచించింది. మునుస్వామి విన్నాడా అని అడిగింది. విన్నాడన్నాను. "వాళ్లకంతా నాదని తెలుసా?"

"తెలీదు రుక్మిణీ. షీట్‌లో ఎఫెక్ట్ అని రాశాను."

ఆ మాట దగ్గర ఆమె తలెత్తింది. విన్నామని చెప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

"నన్ను ఎఫెక్టని రాస్తిరా అన్నా?"

ఆమె నా జవాబు కోసం చూడలేదు. సంచీలోంచి ఫ్లాస్కు తీసి వేడినీళ్లు తాగింది.

పదింటికి ప్రభాకర్ వచ్చాడు. ఆమెకు తెలిసిపోయిందని నా గదిలోకి అడుగుపెట్టగానే గ్రహించాడు. కూర్చోకుండానే క్షమించమన్నాడు. ఆ వెంటనే, ఆ శబ్దం లేకపోతే సినిమా నిలబడదని చెప్పడం మొదలుపెట్టాడు. అది ఎంత గొప్పగా ఉందో, ఎవరెవరు ఎలా కదిలిపోయారో చెప్పాడు. ఆమె పూర్తిగా వినే మాట్లాడింది.

"బాగుండాదని నాకూ తెలస్తా ఉండాది సార్. ఇరవై ఏండ్లుగా ఈ పనే చేస్తా ఉండా. బాగుంటే మాత్రం? ఆడ నేను పని చెయ్యలే. నా గొంతు ఉండాదా పోయిందా అని చూసుకుంటా ఉన్నా. దాన్ని తీసేయండి. కావాలంటే ఇంకోటి చేసిస్తా."

"ఇంకోటి అలా రాదమ్మా."

"రాదు. సరి. రాకపోతే పోనీండి."

అప్పుడు నేను నోరు తెరిచాను. ఏడో రీలులో ఆపరేటర్ మాట అతనికి గుర్తుచేశాను. తెలిస్తే నటిస్తుంది. ఆ రోజు నా గదిలో మీరన్నదీ అదే, అది విని ఊరుకున్నది నేను అని చెప్పాను. ప్రభాకర్ ముఖం ఎర్రబడింది. నా మీద కోపం వచ్చిందనే అనుకున్నాను. బయటికి వెళ్లి, వరండాలో అటూ ఇటూ తిరిగాడు. నా గది తలుపు అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాడు. పావుగంట తర్వాత లోపలికొచ్చాడు. రుక్మిణిని, అంతా విన్నాక మొదట మీకేమనిపించిందమ్మా అని అడిగాడు. ఆ స్వరంలో వాదన లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

ఆమె కొంచెం ఆలోచించింది. "ఏమీ అనిపించలే సార్. ఎవురెవురు విన్నారని అన్నను అడిగినా. అంతే. ఎందుకు చేసినారు, ఎట్ల చేసినారు అన్నదంతా తర్వాత. ముందు పేర్లు కావాల. రేపు ఎవురి ముందర తలెత్తుకుని నడవాల, ఎవురి ముందర నడవలేను, అది తెలియాల కదా."

ప్రభాకర్ స్క్రిప్టు తీసి చివరి రీళ్ల కాగితాలు తిప్పాడు. ఆ ఏడు నిమిషాల ప్రసంగంలో వసుమతి ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగదు. నేనూ గమనించలేదు. ప్రసంగం పొడవుగా ఉందన్నానే గాని, అందులో ఉండాల్సిన ప్రశ్న లేదని చెప్పలేకపోయాను. సినిమా అంతా నడిచేది ఆ చూసినవాళ్ల గురించే. అయినా బాధపడ్డ మనిషి మాత్రం ఎవరు చూశారని అడగదు.

ప్రభాకర్ నా వైపు తిరిగాడు. "తొమ్మిదో రీలు వీపు షాట్‌లో నోరు కనిపిస్తుందా అండీ?"

కనిపించదు. కెమెరా ఆమె వెనకే ఉంది. మా వృత్తిలో నోరు కనిపించని షాటు ఒక వరం. షూటింగ్‌లో పలకని మాటను కూడా అక్కడ పెట్టవచ్చు, పెదవులు కుదరాల్సిన పని లేదు. ఆ సంగతి చెప్పాను. అతను రుక్మిణి వైపు తిరిగి, మీ మాట నేను వాడుకోవచ్చా అని అడిగాడు.

ఆమె నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. "ఇప్పుడు అడగతా ఉండారే! వాడుకోండి. కాని మీ ఊరి యాసలో చెప్తా. నా యాసలో చెప్తే వసుమతి వ్యాసర్పాడి పిల్ల అయిపోతాది."

మునుస్వామి తొమ్మిదో రీలు ఎక్కించాడు. రుక్మిణి మైకు ముందు నిలబడింది. మైకు తెరిచే ఫేడర్ మీటను పైకి తోసేముందు, తెరుస్తున్నానమ్మా అని హాలులోకి చెప్పాను. తెర మీద వసుమతి చేయెత్తింది. టీవీలోని వీపూ చేయెత్తింది. కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత రుక్మిణి చాలా మామూలుగా, బజారులో చిల్లర సామాను గురించి అడిగినంత మామూలుగా, "ఎవరెవరు చూశారు?" అంది. ఒక్క టేకు. ప్రభాకర్ ఈసారి తల అడ్డంగా ఊపలేదు. షీట్ నా ముందుకు జరిపాడు. గొంతు పట్టీలో ఆమె పేరు రాశాను. సాయంత్రం ఆమె సంతకం చేసింది.

మిగిలింది టేపు. నిర్మాత సొత్తును రికార్డిస్టు తన ఇష్టానికి చెరపకూడదు. ప్రభాకర్ కాగితం మీద అనుమతి రాసి సంతకం పెట్టాడు. అయస్కాంతంతో టేపు మొత్తాన్ని ఒక్కసారి చెరిపే పెట్టె ఒకటి మా దగ్గర ఉండేది. దాని మీట రుక్మిణి నొక్కింది. ట్రయల్ మిక్స్‌లోని ఆ ముక్కను కూడా మర్నాడు ఆమె ఎదుటే చెరిపాను. షీట్‌లో పాత పద్దు కొట్టేసి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను.

ప్రభాకర్ చివరి ప్రసంగంలోంచి నాలుగు నిమిషాలు కోసేశాడు. దాని బదులు వసుమతి ఇంటింటి తలుపూ తట్టి, మీరు చూశారా అని మాత్రం అడిగే ముక్కలు కొత్తగా తీసి చేర్చాడు. అది మునుపటి కంటే నయం. కొందరు చూశామంటారు, కొందరు లేదంటారు, ఒక ముసలావిడ చూశానని చెప్పి కాళ్లు పట్టుకోబోతుంది. తప్పంతా ఆపరేటర్ మీద వేసే వీలు కాస్త తగ్గింది. మైకు ఎక్కడుందన్న నా ప్రశ్నకు జవాబు మాత్రం చివరిదాకా దొరకలేదు. కథకు అతకకుండా మధ్యమధ్య పెట్టిన హాస్యం ముక్కలు కూడా అలాగే మిగిలాయి. సినిమా రెండు మూడు ఊళ్లలో కొన్నాళ్లు ఆడి వెళ్లిపోయింది. ప్రభాకర్ తర్వాత టెలివిజన్ సీరియళ్లకు మారాడు. ఆ పనిలో పేరు తెచ్చుకున్నాడు.

రుక్మిణి ఆరు నెలలు రాలేదు. ఎవరైనా అడిగితే కూతురి పురిటికి వెళ్లిందని చెప్పేవాణ్ణి. ఆ అబద్ధానికి ఆమె అనుమతి ఉంది. తిరిగి వచ్చాక పై మెట్లు ఆమెకు అందలేదు. కథానాయికలకు పిలవడం మానేశారు. అమ్మలకూ అత్తలకూ పిలిచారు. ఆ గొంతులో ఆమె ఇంకో ఎనిమిదేళ్లు పని చేసింది. నేను రిటైరయ్యేదాకా మా థియేటర్‌కు వచ్చేది. ఆ రోజు సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు.

ఆ సినిమా చూసినవారు ఇద్దరు ముగ్గురు ఆ తర్వాత తొమ్మిదో రీలు సీను గురించి నాతో మాట్లాడారు. ఆ ప్రశ్న బాగుందన్నారు. బాగుంది. అంతకుముందున్న శబ్దం దానికంటే బలమైనదని నాకు తెలుసు. రెండూ విన్నవాణ్ణి గనక చెప్పగలను. ఆ సినిమాకు దొరికిన అత్యంత బలమైన శబ్దం ఆ సినిమాలో లేదు. లేకపోవడం వల్ల ఆ చోటు కొంచెం పలచనైంది. ఆ సినిమా తాను చెప్పదలచుకున్న మాటకు కట్టుబడి నిలిచింది కూడా ఆ ఒక్క చోటే. ఈ రెండిట్లో ఒకదాని కోసం ఇంకోదాన్ని కాదనలేను.

ఆ తర్వాత నేను నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. రూమ్ టోన్ తీసేముందు హాలు తలుపుకు బయట తాళం వేయించేవాణ్ణి. మైకు తెరిచినప్పుడల్లా లోపలున్నవారికి వినబడేలా చెప్పేవాణ్ణి. నా కింద పని నేర్చుకున్నవారికి ఇవి రెండూ నేర్పాను. మూడోది రాయించి గోడకు తగిలించాను: మనిషి గొంతు పడిన టేకుకు ఎదురుగా ఆ మనిషి పేరే రాయాలి, ఆ పేరు రాయడానికి చెయ్యి వెనకాడితే ఆ టేకు వాడకూడదు.